ముప్పై దాకా

జూన్ వస్తే మురకంబట్టు దగ్గర
గాలికి కూడా తోతాపురి రసం అంటుకుంటుంది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
లారీలు వరసలోనే నిద్రపోతాయి.
ఆ వాసన చొక్కాతో మోసుకొచ్చేవాడు చెంగల్రాయుడన్న.
మంగళ, గురు, శనివారాలు, రెండో షిఫ్టు, ఐదో మంచం.
మామిడి ముక్క నోట పెట్టొద్దని చెప్పింది నేనే.
"మోస్తే ఎక్కదు గదమ్మా పొటాషియం" అని నవ్వినాడు.

మెడ కింద కుడిపక్క రెండు తోకల గొట్టం,
ఎర్ర మూత ఒకటి, నీలం మూత ఒకటి.
మూడు వారాలకే అన్నారు పెట్టిన రోజు.
చేతిలో ఫిస్టులా వేయించుకోను వేలూరు పొమ్మన్నారు.
సీజన్ అయిపోనీ అన్నాడు.
సీజన్ అయ్యాక పోతే, డాక్టరు సెలవన్నారు.
మూడు వారాలు పదకొండు నెలలయింది.
తాత్కాలికం అనే మాటకి
మా ఊర్లో ఆయుష్షు ఎక్కువ.

తలంటు లేదు.
కుప్పమ్మ పాల కవరు కత్తిరించి గొట్టానికి చుట్టి
మెడ కింద నుంచి తడిగుడ్డతో తుడిచేది.
"నా తాళి కన్నా ఇదే గట్టిగా ఉండాది" అనేది.

ఆ శనివారం
మిషను మీదికి ఎక్కించి అరగంట కాలేదు.
"చలి తల్లీ" అన్నాడు.
ఫ్యాను కింద మేమంతా చెమటలు కక్కుతున్నాం.
రెండు దుప్పట్లు కప్పినాము,
మూడోది ఆరో మంచం తాత తనది తీసిచ్చాడు.
ఇనుప మంచం గలగలలాడింది,
ఇంజను ఆపని లారీ మాదిరి.
నూట మూడు పాయింటు నాలుగు.

గొట్టంలోంచి ఒక సీసా, చేతి నరంలోంచి ఒక సీసా.
గొట్టంలోదే ముందు పెరిగింది.
"ద్రాక్ష గుత్తుల మాదిరి కనిపిస్తుందక్కా" అన్నాడు ల్యాబు పిల్లోడు,
"కొత్తదేం కాదు, చర్మం మీద ఉండేదే.
మన చేతుల మీదా ఉంటుంది."
నేను చేతులు కోటు జేబులో పెట్టుకున్నాను.

నడుం నొప్పని రెండు వారాల ముందే చెప్పినాడు.
క్రేట్లెత్తే నడుం, నొయ్యదా అన్నాను.
నూనె రాసుకోమన్నాను.
స్కాన్ తీస్తే వెన్నుపూసల సందులో చీము.
గుండె కవాటం మీద చిన్న ముద్ద,
తలుపు సందులో ఇరుక్కున్న గుడ్డపేలికలాగా
కొట్టుకుంటా ఉంది.

గొట్టం తీసేసినారు.
పది నిమిషాలు నేనే నొక్కి పట్టుకున్నాను.
అదే దారిన రక్తం బయటికొచ్చి కడుక్కుని పోయేది,
అదే దారిన ఇది లోపలికి పోయింది.
దారి మూస్తే ఎల్లుండి ఎట్లా?
ఆ ప్రశ్నతోనే అంబులెన్సు తిరుపతికి కదిలింది.

పన్నెండో రోజు కుప్పమ్మ ఫోను.
"కాళ్ళు ఆడ్డం లేదమ్మా. తిమ్మిరనుకుంటా ఉండాడు.
మామిడికాయ తెమ్మన్నాడు.
తినను, ముక్కు కాడ పెట్టు చాలంటాడు.
పెట్టొచ్చునా?"
పెట్టమన్నాను.
ఆ తర్వాత ఆ నంబరు నుంచి ఫోను రాలేదు.
నేనూ చెయ్యలేదు.

మూత తుడిచేటప్పుడు ముప్పై దాకా లెక్కపెట్టాలి.
గోడ మీద కాగితం ఉంది, నేనే అంటించాను.
ఆ నెలలో ఇద్దరు సెలవు, పన్నెండు మంచాలు.
ఏదో ఒక మధ్యాహ్నం
పద్దెనిమిది దగ్గర ఆపేసి ఉంటానా?
లేకపోతే పాల కవరా, కాలరు చెమటా?
నన్నెవరూ అడగలేదు.
రికార్డులో టిక్కు ఉంది, కింద నా సంతకం ఉంది.

ఇప్పుడు ఐదో మంచంలో షంషాద్.
పలమనేరు పక్క పల్లె, పట్టుపురుగులు పెంచుతారు.
మెడలో అవే రెండు మూతలు.
గట్టిగా లెక్కపెడతాను, ఆమెకి వినపడేటట్టు.
పద్నాలుగు. పదిహేను.
నడుములో నొప్పి ఉందా? రాత్రి చలేసిందా?
పద్దెనిమిది దగ్గర నా గొంతు కొంచెం తడబడుతుంది.
ఇరవై దగ్గర ఫోను మోగుతుంది.
మోగనీ.

"వేలూరు ఎప్పుడు పోతావు?"
"ఈ పంట గూళ్ళు దిగనీక్కా."

ఇరవై ఆరు.
ఇరవై ఏడు.